ఉత్తదూడ

ఆ వానకాలం మా ఇంట్లో పదిహేను రోజుల తేడాతో రెండు చావులు జరిగాయి. ముందు మా బర్రె దూడ పోయింది. తరువాత మా తోటికోడలు బాలమ్మక్క బిడ్డ పోచి పోయింది.

దూడ పోయినప్పుడు ఇంట్లో ఎవరూ ఏడవలేదు. మా అత్త కొమురమ్మ కొంగు నడుముకు బిగించి, "లక్ష్మయ్యను పిల్వుండ్రి" అంది. లక్ష్మయ్య తోలుపని చేసేవాడు. దూడ తోలు ఒలిచి, ఉప్పు రాచి ఆరబెట్టి, లోపల వరిగడ్డి కూరి, కడుపు దగ్గర సుతిలితో కుట్టి, నాలుగు కట్టెకాళ్ల మీద నిలబెట్టి నాలుగో రోజున తెచ్చిచ్చాడు. కళ్లుండే చోట రెండు కంతలు. మెడ కొంచెం ఒక పక్కకు వాలింది. మావాళ్లు దాన్ని ఉత్తదూడ అంటారు.

నేను చేవెళ్ల పక్క పల్లెలో పుట్టి పెరిగినదాన్నే అయినా అలాంటిది ఎప్పుడూ చూడలేదు. మా ఊళ్లో పాలు ఇంటి మందమే, అమ్మేది లేదు. బర్రె చేపకపోతే ఆ పూట మజ్జిగ లేదనుకుని ఊరుకునేవాళ్లం. ఇక్కడ పట్నంలో పురానాపూల్ దర్వాజా లోపల మా గల్లీలో అన్నీ పాల ఇళ్లే. తెల్లారేసరికి హుసేనీఆలం దాకా పాలు అందాలి. దూడ పోయిన నాలుగు రోజులూ బర్రె పాలు ఎగచేపుకుని, పొదుగు రాయిలా చేసుకుని నిలబడింది.

అత్త దాని పాలే కాసిన్ని చేతిలోకి పిండి ఉత్తదూడ వీపుకు పూసింది. ఉప్పునీళ్లు చల్లింది. తెచ్చి బర్రె ముట్టె ముందు నిలబెట్టింది. "ఆఁ, నీదే తల్లీ. నీదే. నాకు, నాకు" అంటూ గంగడోలు రాసింది. బర్రె వాసన చూసింది. బుస్సుమంది. చాలాసేపటికి నాలుక చాపి నాకింది. మొదటి ధార చెంబు అడుగున టంగుమని పడగానే అత్త నావైపు తిరిగి నవ్వింది.

"చూసినవా పిల్లా? వాసనుంటె సాలు. పానం లేకున్నా నడుస్తది."

నేను బర్రె కన్ను చూస్తున్నాను. దాని నాలుక దూడ మీద ఉంది కానీ, కన్ను దూడ మీద లేదు. దూడ పై నుంచి కొట్టం తలుపు వైపు చూస్తోంది.

తరువాత పోచికి జ్వరం వచ్చింది. మూడు రోజులు. యునానీ దవాఖానా నుంచి తెచ్చిన ఎర్రటి శర్బతు సగం సీసాలో మిగిలిపోయింది. మా రుక్మకూ పోచికీ రెండు నెలలే తేడా. ఇద్దరికీ రెండు నిండాయి, ఇద్దరూ ఇంకా పాలు మానలేదు. పోచిని తీసుకుపోయాక బాలమ్మక్క నడిమింట్లో గోడకు ఆనుకుని కూర్చుంది. ఏడవలేదు. తినలేదు. ఎవరైనా పిలిస్తే అటు చూసేది కాదు. పాలు ఆగిపోయి రొమ్ములు గడ్డకట్టి ఒళ్లు కాలిపోతుంటే, పాలు ఎండిపోతాయని బావ మైసయ్య గుడిమల్కాపూర్ తోటలకు పోయి మల్లెపూలు తెచ్చాడు. అత్త ఆ పూలు రొమ్ములకు కట్టింది. అక్క వాటిని పీకి పారేసింది.

తొమ్మిదో రోజు కుడితి కలుపుతుంటే అత్త నా పక్కన కూర్చుంది.

"వరమ్మా, నీ బిడ్డెకు గా పోచి గౌను తొడిగి, బాలమ్మ ఒళ్ల కూసోబెట్టు."

నేను ఆమె ముఖం చూశాను. నవ్వులాటకు అనడం లేదు.

"గదేంది అత్తా? అక్కకు తెల్వదా?"

"తెలుస్తదో, తెల్వదో. గదంత మనకెందుకు? పాలు దిగాలె, బువ్వ తినాలె. గంతే."

"మనిషి గదత్తా."

"నలపై ఏండ్ల సంది పిండుతున్ననే నేను. తల్లి తల్లే. నాలుగు కాళ్లున్నా, రెండున్నా."

నా మగడు బీరయ్య పలుపు పేనుతూ వింటున్నాడు. "రెండ్రోజులే గదనే. వదినెకు ఏమన్న అయితె అన్న ముఖం ఎట్ల సూస్తం?" అన్నాడు.

నేను ఒప్పుకున్నాను. ఎవరో బలవంతపెట్టారని ఇప్పుడు చెప్పుకోలేను.

పోచి గౌను ఎర్ర చీటిగుడ్డది, తెల్ల చుక్కలు. దండెం మీద అట్లాగే ఉంది. ఉతికి తొడుగుతానని బిందె దగ్గరికి తీసుకుపోతే అత్త చెయ్యి పట్టుకుంది.

"ఉత్కకు! వాసన పోతది."

గౌనులో జ్వరం వాసన ఉంది. శర్బతు వాసన ఉంది. రుక్మ మెడ దూర్చనని మొండికేసింది. "పోచిది, పోచిది" అని ఏడ్చింది. అత్త బెల్లం ముక్క నోట్లో పెట్టి తొడిగింది. పోచికి ఎడమ బుగ్గ మీద కాటుక చుక్క పెట్టేవాళ్లు. అదీ పెట్టింది. నేను బిడ్డను ఎత్తుకుపోయి అక్క ఒళ్లో కూర్చోబెట్టి, రెండడుగులు వెనక్కి వేసి నిలబడ్డాను.

"నేను రుక్మ" అంది నా బిడ్డ.

అక్క దాని తల మీదుగా వాకిలి వైపు చాలాసేపు చూసింది. తరువాత రెండు చేతులతో దాన్ని రొమ్ముకు అదుముకుంది.

ఆ పూట అక్క బువ్వ తింది. మైసయ్య బావ కొట్టం వెనకకు పోయి ముఖం కడుక్కుని వచ్చాడు. సాయంత్రం బేగంబజార్ నుంచి జిలేబీ తెచ్చి అందరి చేతుల్లో పెట్టాడు. అత్త తన జిలేబీ కొరికి, "ఎవలో పనికిరాదన్నరు?" అంది నన్ను చూసి. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

రెండు రోజులు వారమైంది. వారం రెండు వారాలైంది. మొదట మధ్యాహ్నం పూటే గౌను తొడిగేవాళ్లం. తరువాత తీసేవాళ్లు లేకపోయారు. అక్క లేచి నడవసాగింది. పేడ ఎత్తింది, నీళ్లు చేదింది. బిడ్డ చంకనే ఉండేది. "పోచీ" అని పిలిచేది. ఆమె ముందు అందరూ అట్లాగే పిలవాలని అత్త చెప్పింది. నేనొక్కదాన్నే పిలవలేదు. నేను రుక్మా అనే పిలిచేదాన్ని. మొదట్లో వెంటనే తిరిగేది. తరువాత రెండోసారికి తిరిగేది. ఆ తరువాత మూడోసారికి.

ఒక రోజు పెరుగు కోసం నాగమణమ్మ వచ్చింది. ఘాన్సీబజార్‌లో ఉంటుంది, చాలా రోజులుగా రాలేదు, మా ఇంటి సంగతి ఏదీ ఆమెకు తెలియదు. వాకిట్లో ఆడుతున్న బిడ్డను చూసి గడ్డం పట్టుకుంది.

"మీ పోచి ఎంత పెద్దగయిందే బాలమ్మా! మస్తు ఎదిగింది. ఆ రెండోది కనవడ్తలేదేంది?"

అత్త పెరుగు ముంత తీసుకోవడానికి లోపలికి పోయింది. బీరయ్య పలుపు చూసుకుంటున్నాడు. అక్క బిడ్డ నెత్తి దువ్వుతూ, "ఉంది" అంది. నాగమణమ్మ పెరుగు పట్టుకుని వెళ్లిపోయింది. మా ఇంట్లో లేకుండా పోయిన బిడ్డ పోచి కాదని, నాదని నాకు ఆ రోజు అర్థమయింది.

పోచికి ఒక దగ్గు ఉండేది. పుట్టినప్పటి నుంచీ ఉంది. పొద్దు గూకే వేళ మూడుసార్లు, పొడిగా, పిట్ట కూసినట్టు. ఒక సాయంత్రం కొట్టంలో ఉన్నాను. వాన పడి వెలిసింది. నడిమింట్లోంచి ఆ దగ్గు వినిపించింది. మూడుసార్లు. చేతిలో పేడ అట్లాగే పట్టుకుని లోపలికి పోయాను. అక్క నీళ్లకు పోయినట్టుంది. గోడ దగ్గర, అక్క కూర్చునే చోట, రుక్మ ఒక్కతే నిలబడి ఉంది. ఒళ్లు ముట్టి చూశాను. చల్లగా ఉంది.

"ఎవరు దగ్గిండ్రు బిడ్డా?"

"నేను."

"నువ్వెవరు?"

అది నన్ను చూసి నవ్వింది. నేనేదో ఆట ఆడుతున్నానని అనుకుంది.

"నేనే, చిన్నమ్మా."

పోచి నన్ను చిన్నమ్మా అని పిలిచేది. నా కడుపున పుట్టిన బిడ్డ నన్ను అట్లా పిలవడం అదే మొదలు. "అమ్మా అను" అన్నాను. అది వాకిలి వైపు చూసి, "అమ్మ నీళ్లకు వొయ్యింది" అంది.

బీరయ్యతో చెప్పాను. "పిల్లలు ఇన్నదే అంటరు. నా చిన్నప్పుడు నేను అమ్మను కొమురమ్మా అనే పిల్చెటోన్ని. సెంపలు వాయగొట్టినంక మానిన" అని నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి, "ఫికర్ వెట్టుకోకు. జర సబర్ చెయ్. వదినె ఇప్పుడిప్పుడే తేరుకుంటుంది" అన్నాడు. అత్తకు చెబితే, "ఇప్పుడు గుంజుకుంటె మల్ల ఎగచేపుతది" అంది. ఆమె ఎవరి గురించి అంటోందో ఒక్క క్షణం నాకు తెలియలేదు.

వానలు తగ్గలేదు. కొట్టంలో ఉత్తదూడ తడిసి బరువెక్కింది. దాని మీద ఈగలు. లోపల కూరిన గడ్డిలో ఎక్కడో నాలుగు గింజలు మిగిలినట్టున్నాయి. కడుపు కుట్ల సందుల్లోంచి పచ్చటి మొలకలు బయటికి వచ్చాయి. రోజూ కాస్త కాస్త పెరిగేవి. రుక్మ వాటిని వేలితో ముట్టి చూసి, "దూడకు ఎంటికలొచ్చినయ్" అనేది. భాద్రపదం వచ్చేసరికి బర్రెకు దూడతో పనిలేకుండా పోయింది. తవుడు తొట్టి చప్పుడు వింటే చాలు, చేపేది. ఒక పొద్దున పాలు పిండుతుండగా అది మెడ వంచి ఉత్తదూడ పక్కన మూతి పెట్టింది. నాకుతుందనుకున్నాను. నెమ్మదిగా ఆ మొలకలు కొరికి నమిలింది. తరువాత నొసటితో ఒక తోపు తోసింది. దూడ కట్టెకాళ్లు పైకి పెట్టి పడిపోయింది.

"ఇగ దీని పనైపోయింది. గుండాలకు పోవాలె" అంది అత్త.

ఇది మా ఇంటి ఆనవాయితీ. ఏటి వెంబడి పైకి పోతే, అత్తాపూర్ తోటలు దాటి ఇంకొంత దూరం నడిస్తే, బండల మీదుగా నీళ్లు మూడు మెట్లుగా దుమికి మూడు గుండాలు కట్టే చోటు ఉంది. బర్రె ఉత్తదూడను మరిచిపోయిన తరువాత ఇల్లంతా కలిసి అక్కడికి నడిచి పోతారు. బర్రెనూ తోలుకుపోతారు. దాని కళ్ల ముందే తోలు విప్పి నీళ్లలో వదిలి, దాని పాలతో బెల్లపు బువ్వ వండుకుని తిని వస్తారు. పిల్లలు కూడా నడవగల దారి. నేను కాపురానికి వచ్చాక ఇదే మొదటిసారి.

బాలమ్మక్క బిడ్డ జడకు రిబ్బను కడుతూ వింటోంది. ఆ వానకాలంలో ఆమె తనంతట తాను అడిగిన మొదటి మాట అదే.

"నీళ్లల్ల ఎందుకిడుస్తం అత్తా? ఇంట్లనే ఓ మూలకుంటె ఏమైతది?"

"ఉంచొద్దు. సచ్చిన దానికి తన చోట్ల ఇంకోటి నిలవడ్డట్టు కనవడ్తె, పోనీకి తొవ్వ దొర్కదు. ఇంటి సుట్టే తిరుగుతది. నిలవడ్డదాన్ని ఇడిస్తెనే అస్లుది పోతది."

అక్క రిబ్బను ముడి వేసింది. వేసిన ముడిని చాలాసేపు చూసింది.

"అయితె అందరం పోదాం. నేను గూడ వస్త. పోచిని తీస్కొని" అంది.

మైసయ్య బావ ముఖం వెలిగిపోయింది. అక్క గల్లీ దాటి రెండు నెలలైంది. నేను మాత్రం బీరయ్యను పక్కకు పిలిచి, "రుక్మను తీస్కపోవద్దు. నేను దాంతోని ఇంటికాన్నె ఉంట" అన్నాను.

"ఎందుకు?"

ఎందుకో చెప్పాను. అత్త అన్నదీ, అక్క ముడి వైపు చూసిందీ. అతను నన్ను తేరిపార చూశాడు.

"పాగల్ మాటలు మాట్లాడకు. ఇన్ని దినాలకు వదినె బైటికొస్తనంటుంది. లొల్లి వెట్టకు. అందరం ఉంటం గద."

పొద్దున పాలు పోసి వచ్చాక బయలుదేరాం. పురానాపూల్ పక్క నుంచి ఏటి ఒడ్డు దిగాం. బర్రె ముందు నడిచింది, దాని వెనక అత్త. మైసయ్య బావ ఉత్తదూడను భుజాన వేసుకున్నాడు. వాలిన మెడ అతని వీపు మీద అటూ ఇటూ ఊగుతోంది. బీరయ్య నెత్తిన బోగుణి, కట్టెలు. నా నెత్తిన బియ్యం, బెల్లం. అక్క చంకన రుక్మ. మబ్బు పట్టి ఎండ లేదు. చాకలివాళ్ల బండల దగ్గర బట్టల చప్పుడు. ఆ తరువాత ఆకుకూర మడులు, జామతోటలు. దారి మెత్తగా ఉంది. చూసేవాళ్లకు మేము పండక్కి పోతున్నట్టే ఉంటాం.

అత్తాపూర్ తోట దగ్గర కాపలా ఉన్న అరబ్బు చావూష్ మంచం మీద లేచి కూర్చున్నాడు. బార్కస్ ముసలాయన, అత్తకు పాత ఎరుక.

"క్యా కొమురమ్మా, భైంస్ కో భీ హవా ఖిలానే నిక్లే?"

"ఆఁ, చావూష్ సాబ్! మనుషులకే ఉండాల్నా సైరు, బర్రెకు వద్దా? నీకు గూడ జర గాలి తాపిస్త, మంచం దిగి రా."

ముసలాయన పగలబడి నవ్వాడు. రుక్మకు రెండు జామపండ్లు ఇచ్చి, "నామ్ క్యా బేటీ?" అన్నాడు.

నేను దాని ముఖమే చూస్తున్నాను. అది పండు కొరుక్కుంటూ, "పోచి" అంది.

ఆయన తల నిమిరాడు. మేము ముందుకు నడిచాం. నేను కావాలని అక్క పక్కకు చేరాను. "అక్కా, బరువైతది. నేనెత్తుకుంట" అన్నాను. "వద్దు. అలవాటైంది" అంది. కాసేపయ్యాక మళ్లీ అడిగాను. ఈసారి ఆమె నవ్వింది, చాలా మామూలుగా. "వరమ్మా, నువ్వు పొద్దుగాల సంది నన్ను చూస్తనే ఉన్నవ్. కింద చూసి నడువు, పడ్తవ్" అంది.

తోటలు అయిపోయాయి. ఈతచెట్లు, బండలు, తుంగ. మనుషుల అలికిడి ఆగిపోయింది. అక్కడి నుంచే గుండాల చప్పుడు మొదలయింది. నిండు చెంబులోకి రెండు చేతులా పాలు పిండుతుంటే వచ్చే చప్పుడులాంటిదే. అయితే ఆగదు. బర్రె చెవులు నిక్కబొడిచి నడక పెంచింది.

కింది గుండం దగ్గర అత్త ఉత్తదూడను బండ మీద వెల్లకిలా పడుకోబెట్టింది. కొడవలితో సుతిలి కుట్లు తెంపింది. గడ్డి నల్లబడి ముద్దలా ఉంది. చేతులతో తోడి పక్కన పోసి, కట్టెకాళ్లు ఊడబీకింది. చివరికి తోలు ఒక్కటే మిగిలింది. దాన్ని నీళ్లలో పెట్టి వదిలింది. అది కాసేపు తేలింది, కళ్ల కంతల్లోంచి నీళ్లు లోపలికి పోయాయి, మెడ ముందు మునిగింది. బర్రె చూసింది. చూసి, వంగి, అక్కడే నీళ్లు తాగింది.

"అయిపాయె. ఇగ అడగదు" అని అత్త చేతులు కడుక్కుంది.

మూడు రాళ్లు పెట్టి పొయ్యి వెలిగించాను. తడి కట్టెలు, పొగ. బోగుణిలో పాలు, బియ్యం. ఒక కన్ను బోగుణి మీద, ఒక కన్ను అక్క మీద. అక్క ఒడ్డున కూర్చుని రుక్మ కాళ్లు నీళ్లలో ఆడిస్తోంది. మంట ఆరిపోయేట్టుంటే వంగి ఊదాను. ఊది లేచేసరికి ఒడ్డు ఖాళీగా ఉంది.

"బావా, అక్కేది?"

మైసయ్య బావ బండ మీద వాలి బీడీ తాగుతున్నాడు. "పైకి పోయింది. మొగలిపువ్వు తెంపిస్తనని బిడ్డెను ఎత్కపోయింది."

నేను పరిగెత్తలేదు. పరిగెత్తితే ఏదో జరుగుతుందనిపించింది. బెల్లం బోగుణిలో వేసి, గరిటె పక్కన పెట్టి, బండలు పట్టుకుని ఎక్కాను. రెండో గుండం దగ్గర ఎవరూ లేరు. ఇంకా పైకి ఎక్కాను.

పై గుండంలో అక్క తొడల లోతు నీళ్లలో నిలబడి ఉంది. వీపు నావైపు. రుక్మ చంకన ఉంది, దాని పాదాలు నీళ్లను తాకుతున్నాయి. అక్కడికి అయిదడుగుల దూరంలో అంచు, ఆ అంచు నుంచి నీళ్లు కిందికి పడుతున్నాయి. రుక్మ అక్క భుజం మీదుగా నన్ను చూసింది. పిలవలేదు. దగ్గింది. మూడుసార్లు.

అరిస్తే అక్క ఉలిక్కిపడుతుంది. కింద పాకుడు. నేను చీర పైకి దోపుకుని మెల్లగా దిగాను. వాళ్ల దగ్గరికి పోలేదు. చుట్టు తిరిగి, అంచుకూ వాళ్లకూ మధ్యలో పోయి నిలబడ్డాను. నీళ్లు మోకాళ్లను వెనక్కి లాగుతున్నాయి.

"అక్కా, బువ్వ అయింది" అన్నాను.

అక్క నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"అయిందా? బెల్లం ఏసినవా?"

"ఏసిన."

తరువాత ఆమె అంది, "నాకు మొదటి దినమే తెల్సు వరమ్మా."

"ఏం తెల్సక్కా?"

"ఇది రుక్మ అని. దీని నెత్తి వాసన వేరు. బర్రెకు తెల్వదనుకుంటది అత్త. తెల్వకేంది? రొమ్ము సలుపుతది. ఎవలో ఒకలు మూతి వెడితె చేపుతది. గంతే."

"మరి ఎందుకక్కా..."

"మీరందరు గంత కష్టవడి తయారు చేసి తెచ్చి ఒళ్ల వెట్టిండ్రు. కాదని ఎట్లంట?" రుక్మను చంకన సర్దుకుంది. "గౌనొక్కటే ఇడుద్దామని ఎక్కిన. ఒట్టు. నీళ్లల్ల దిగినంక, ఊకెనే, పోచీ అని పిల్చిన. ఊఁ అన్నది. ఇగ ఎవల్ని ఇడ్వాల్నో సమజ్ కాలే. అప్పటి సంది గిట్లనే నిలవడ్డ."

నేను చేతులు చాపాను. ఆమె ఇవ్వలేదు. "దాని చేతులు పైకి వట్టు" అంది.

నేను బిడ్డ చేతులు పైకి ఎత్తి పట్టుకున్నాను. అక్క గౌను తల మీదుగా తీసింది. అప్పుడు బిడ్డను నాకు అందించింది. గౌనును నీళ్లలో ముంచి, రెండు చేతులా ఉతికింది. పిండింది. ఒకసారి ముఖానికి దగ్గరగా పెట్టుకుంది. ఇక ఏ వాసనా లేనట్టుంది. వదిలేసింది.

గౌను నీళ్ల మీద పరుచుకుంది. చేతులు రెండూ చాపుకుని నెమ్మదిగా తిరుగుతూ వచ్చింది. నేను అంచు దగ్గర అడ్డంగా నిలబడి ఉన్నాను కదా, వచ్చి నా కాలికి చుట్టుకుంది. పోలేదు. ఒక చిన్న చెయ్యి మోకాలు పట్టుకున్నట్టే ఉంది. అక్క చూస్తూ ఉంది. ఆమె కదలలేదు. రుక్మను ఒక చేత్తో అదిమి పట్టుకుని నేనే వంగాను. కాలికి చుట్టుకున్న గుడ్డను విడిపించి అంచు దాటించాను.

మరుక్షణం కింద నుంచి అత్త అరుపు వినిపించింది. అంత అరుపు ఆమె గొంతులోంచి వస్తుందని నేను ఎరుగను. కిందున్న వాళ్లకు కనిపించింది పైనుంచి పడుతున్న ఎర్ర గౌను ఒక్కటే. మగవాళ్లు గుండంలో దూకిన చప్పుడు. అత్త బండల మీద చేతులూ కాళ్లూ వేసి పాకుతూ పైకి వచ్చింది. మమ్మల్ని ముగ్గుర్నీ చూసి, అక్కడే కూలబడింది. ఆమె మోకాలు చిట్లి రక్తం కారుతోంది. చలికి వణుకుతున్న రుక్మను తన కొంగులోకి లాక్కుంది. అక్క ముఖం వైపు చూడలేకపోయింది. తరువాత మా కొట్టంలో మరో రెండు దూడలు పోయాయి. లక్ష్మయ్యను పిలవమని అత్త ఎన్నడూ అనలేదు.

తిరిగి వచ్చేటప్పుడు రుక్మ నా చంకన ఉంది. దారి పొడుగునా అక్క వైపు చేతులు చాపి, "అమ్మా, అమ్మా" అని ఏడ్చింది. అక్క బర్రె పక్కన, దాని మెడ మీద చెయ్యి వేసి, మాకు ముందు నడిచింది. ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు. ఇంట్లోనూ అంతే. బిడ్డ కొంగు పట్టుకుంటే విడిపించుకుని పోయేది. పిలిస్తే చెవుడు వచ్చినదానిలా పని చేసుకునేది. మూడు రోజులు రుక్మ అన్నం ముట్టలేదు. నాలుగో రోజు నా పక్కలోకి వచ్చి పడుకుంది. దగ్గు తగ్గింది కానీ, వానలు పూర్తిగా వెనకబట్టేదాకా పొద్దు గూకే వేళ అప్పుడప్పుడు వినిపించేది. నేను లెక్కపెట్టడం మానేశాను.

బతుకమ్మ రేపనగా ఒక మధ్యాహ్నం నేనూ అక్కా వాకిట్లో కూర్చుని ఉన్నాం. నేను తంగేడుపూలు కట్టలు కడుతున్నాను. అక్క చేటలో పత్తిగింజలు చెరుగుతోంది. రుక్మ కొట్టం వైపు పరిగెడుతూ కాలు జారి పడింది. "అమ్మా!" అని అరిచింది.

ఇద్దరం ఒక్కసారే లేచాం.

అక్క నన్ను చూసింది. మెల్లగా మళ్లీ కూర్చుని చేట ఒళ్లోకి తీసుకుంది. నేను పోయి బిడ్డను ఎత్తుకున్నాను. అది ఎవరిని పిలిచిందో దాని ముఖం చూస్తే తెలిసిపోయేది. చూడకుండానే భుజాన వేసుకున్నాను.